పట్టికకెక్కని మరణములు

1852వ సంవత్సరము ఆగస్టు మాసమున, ఉత్తర హిందూస్థానమందలి మైన్‌పురీ జిల్లాలో, భూరా అను హిజ్రా హత్యకు గురియైనది. ఇద్దఱు శిష్యురాండ్రతోను ఒక ప్రియునితోను కాపురముండి, బిడ్డ పుట్టిన యిండ్లకును పెండ్లి పందిళ్లకును పోయి, ఆడి పాడి దీవించి, వారిచ్చినది పుచ్చుకొని బ్రదికిన ఆమెను, ఆమె విడిచిపెట్టిన పూర్వప్రియుడే క్రోధావేశమున చంపెనని విచారణ చేసిన ఆంగ్లేయ న్యాయాధిపతులు విశ్వసించిరి. చంపినవాడెవడో తేలినపిమ్మట వ్యాజ్యమునకు మిగిలిన పని శిక్ష యొక్కటియే కదా యని మనమనుకొందుము. కాని న్యాయస్థానపు దృష్టి హంతకుని చేతినుండి హతురాలి చీరమీదికి మరలినది. హిజ్రాలు ఆడువేషము వేసికొను బిచ్చగాండ్రనియు, అసహజ వ్యభిచారులనియు ఆ విచారణలో వర్ణింపబడిరి. అట్టివారుండుటయే ఆంగ్లేయ పరిపాలనకు అపకీర్తి యని న్యాయాధిపతి యొకడు అభిప్రాయపడెను. ఒక మనిషి చంపబడినందులకు ఆ మనిషివంటివారిని కాపాడుట ఎట్లని గాక, అట్టివారు లేకుండ జేయుట ఎట్లని రాజ్యము ఆలోచింప మొదలిడిన ఘట్టమిది. చరిత్రకారిణి జెస్సికా హించీ తన గ్రంథమున విపులముగ వ్రాసిన యీ వృత్తాంతము, మన దేశమున హిజ్రాల అకాలమరణములను గూర్చిన చర్చకు మొదటి పుట కాదగియున్నది.

ఆ ఆలోచన పక్వమై చట్టరూపము దాల్చుటకు పందొమ్మిదేండ్లు పట్టినది. 1871లో వెలువడిన నేరస్థ జాతుల చట్టమున రెండవ భాగమంతయు వీరికొఱకే కేటాయింపబడెను. బాలుర నపహరించిరన్న అనుమానము కలవారి పేర్లను, వారి ఆస్తులను పట్టికలో వ్రాయవలెననియు, పట్టికకెక్కినవారు ఆడుదుస్తులతో వీథిలో కనబడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చుననియు అందు విధింపబడినది. ఈ సంగతులు కొంతవఱకు లోకమెఱిగినవే. అంతగా ఎవరును గమనింపని నిబంధన మఱియొకటి కలదు. పట్టికకెక్కిన హిజ్రా మైనరుకు సంరక్షకత్వము వహింపరాదు, దానపత్రము వ్రాయరాదు, వీలునామా వ్రాయరాదు, దత్తత చేసికొనరాదు. గురువు గతించినచో ఆ గురువు ఇల్లును, నగలును, మర్యాదయు చేలాలకు, అనగా శిష్యురాండ్రకు, సంక్రమించుటయే ఆ సమాజమునకు వెన్నెముక. దానిని విఱిచిన చేయి కత్తి పట్టినది కాదు, కలము పట్టినది. ఒక వర్గమును నిర్మూలింప దలచిన రాజ్యము ఉరికంబము నెత్తనక్కఱలేదు. చనిపోయినవారి సొత్తు ఎవరిది, గోరీ ఎవరిది, పేరు తలచుకొనువారెవరు అని అడిగినప్పుడు చట్టము దృష్టిలో ‘ఎవరును లేరు’ అను సమాధానము మిగిలించిన చాలును.

ఇది ఎక్కడనో గంగా యమునల నడుమ జరిగిన కథ యని మనము నిశ్చింతగ నుండుటకు వీలు లేదు. నిజాము ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919లో, ఇట్టి చట్టమునే హైదరాబాదు రాజ్యమున ప్రవేశపెట్టినది. రాజ్యము పోయినది, భాషారాష్ట్రము వచ్చినది, అది మఱల రెండైనది. చట్టము మాత్రము పేరు మార్చుకొని, గ్రంథములయందు నిక్షేపముగ నుండిపోయినది. 2015 జనవరిలో హైదరాబాదున ఒక హిజ్రా స్త్రీ దారుణముగ హత్య గావింపబడగా, తోడివారు వీథికెక్కి న్యాయము వేడిన దినములలో కూడ, వారివంటివారిని అనుమానితులుగ నమోదు చేయుటకు, పట్టికకెక్కినవారు చీర కట్టి బయట కనబడినచో నిర్బంధించుటకు అధికారమిచ్చు శాసనము సజీవముగనే యుండెను. హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు 2018లో హైకోర్టు నాశ్రయించిరి. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నాటి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డి గార్ల ధర్మాసనము, రాజ్యాంగపు 14వ, 21వ అధికరణములకు విరుద్ధమని చెప్పి దానిని కొట్టివేసినది. రాష్ట్రప్రభుత్వపు ఆసరా పింఛనులో వీరిని చేర్చవలెనని కూడ అదే తీర్పున ఆదేశము కలదు. నూటనాలుగేండ్ల వయస్సున ఒక దుష్టశాసనము కన్నుమూసినదన్న మాట. దానిచే అనుమానితులుగ చూడబడినవారిలో ఎందఱు ఆ వయస్సులో సగమైన చూచిరో చెప్పగలవారు లేరు.

చెప్పగలవారు ఎందుకు లేరన్నదే నేడు నేనెత్తదలచిన ప్రశ్న.

ప్రతి సంవత్సరము నవంబరు 20వ తేదీన, హత్యలకు ఆహుతియైన ట్రాన్స్‌జెండరు వ్యక్తులను స్మరించుట లోకమున పలుచోట్ల ఆచారమైనది. దీని పుట్టుక తెలిసికొనదగినది. అమెరికాలో బోస్టను నగరపు ఆల్‌స్టను పేటయందు రీటా హెస్టరు అను నల్లజాతి ట్రాన్స్ స్త్రీని 1998 నవంబరు 28న ఆమె యింటనే ఎవరో కత్తితో పొడిచి చంపిరి. మఱి రెండు దినములైనచో ఆమెకు 35 ఏండ్లు నిండియుండెడివి. పత్రికలు ఆమెను పురుషునిగా పేర్కొని, ఆమె పెట్టుకొన్న పేరును అది నిజమైన పేరు కాదన్నట్లు ఉద్ధరణ చిహ్నముల నడుమ అచ్చువేసినవి. ఆ పరిసరములయందే మూడేండ్లకు ముందు, 1995లో, షనెల్ పికెట్ అను మఱియొక ట్రాన్స్ స్త్రీ చంపబడెను. నిందితుడు హత్యానేరము నుండి విముక్తుడై, దౌర్జన్యమునకు మాత్రము స్వల్పశిక్ష పొందెను. రీటా మరణవేళ గ్వెండొలిన్ ఆన్ స్మిత్ అను కార్యకర్త షనెల్ పేరెత్తగా, సొంత సమాజమువారిలోనే అనేకులు ఆ పేరు మఱచిపోయి యుండుట చూచి నివ్వెఱపోయెను. మృతుల పేర్ల జాబితా నొకదానిని కూర్చుటయు, 1999 నవంబరులో కొవ్వొత్తులు వెలిగించి స్మరించుటయు ఆ నివ్వెఱపాటు నుండి పుట్టినవి. లోకము మఱచుట సహజము, మనవారే మూడేండ్లలో మఱచుట ఏమి యన్న సిగ్గు ఈ స్మరణదినమునకు మూలము. రీటాను చంపినవా డెవడో నేటికిని తేలలేదు.

కొవ్వొత్తులను నేను తక్కువ చేయను. అయినను, వెలుగుచున్న కొవ్వొత్తి చుట్టును నిలిచినవారికి ఎవరికొఱకు వెలిగించిరో పేరుపేరున తెలియనిచో, ఆ స్మరణ ఒక సభాకార్యక్రమముగ మిగులును. మన దేశమున అదియే జరుగుచున్నది. ఎందఱు పోయిరి, ఎవరెవరు పోయిరి అను ప్రశ్నలకు ప్రభుత్వమిచ్చు సమాధానమును ఒకసారి పరిశీలింపుడు. 2021లో భారతదేశమున ఆత్మహత్య చేసికొన్నవారు 1,64,033 మంది యని జాతీయ నేర గణాంకముల సంస్థ ప్రకటించినది. అందు పురుషులు 1,18,979, స్త్రీలు 45,026, ట్రాన్స్‌జెండరులు 28. ఇరువది యెనిమిది మంది మాత్రమే. 2011 జనగణనలో స్త్రీపురుషులు గాక ‘ఇతరులు’ అని నమోదైనవారు సుమారు 4,88,000 గదా. ఆ లెక్కను బట్టి చూచినచో వీరిలో ఆత్మహత్యలు లక్షకు ఆఱు కూడ లేవు. దేశమంతటికి అదే సంవత్సరపు సగటు లక్షకు 12. కన్నవారు వెళ్లగొట్టగా, బడి మాన్పగా, ఇల్లు అద్దెకు దొఱకక, కొలువు దొఱకక, రాత్రివేళ రహదారిపై నిలువవలసి వచ్చినవారు తక్కిన భారతీయులకంటె రెండింతలు సుఖముగ నున్నారని ఈ పట్టిక సాక్ష్యమిచ్చుచున్నది. ఇట్టి సాక్ష్యమును నమ్మువారెవరైన నున్నచో, వారితో వాదించుటకు నాకు శక్తి లేదు.

అంకె తప్పుటకు కుట్ర యేమియు అక్కఱలేదు. కార్యాలయపు అలవాటు చాలును. అనుమానాస్పద మరణమైనప్పుడు పోలీసులు శవపంచనామా వ్రాయుదురు. వ్రాయువాడు దేహమును చూచి ఆడో మగో నిర్ణయించును. లేక ఆధారు కార్డులో నున్నది ఎక్కించును. లేక ఎన్నడో ఇల్లు విడిచి వచ్చిన బిడ్డకొఱకు ఊరినుండి పిలిపింపబడిన తండ్రియో అన్నయో చెప్పిన పేరు వ్రాసికొనును. ఆ పేరు ఎఱిగినవారు ఆమె బ్రదికిన వాడలో ఒక్కరును లేరు. ఆమె బ్రదికిన పేరు ఆ కాగితములో లేదు. పక్కనే నిలిచియున్న గురువును, చేలాలను ‘మీరేమగుదురు?’ అని అడిగి, సమాధానము నచ్చక పక్కకు పొమ్మందురు. మఱునాడు పత్రికలో ఒక ‘యువకుని’ మరణవార్త రెండు పంక్తులలో వచ్చును. ఈ ప్రకారము హిజ్రా యొకతె రెండుమారులు కనుమఱుగగుచున్నది.

స్వలింగప్రేమికుల విషయమున ఈ లోపము మఱింత సూక్ష్మమైనది. వారికి పట్టికలో నిలువుగడియే లేదు. ఇద్దఱు ఆడుపిల్లలు చేతులు పట్టుకొని ప్రాణములు తీసికొన్నచో, ‘కుటుంబ సమస్యలు’ అను శీర్షిక క్రిందనో ‘ప్రేమ వ్యవహారములు’ అను శీర్షిక క్రిందనో ఆ మరణములు చేరి, అక్కడి వేలాది మరణములలో కలిసిపోవును. ‘మరణములకెల్ల దుఃఖమొక్కటియే, వీరికి ప్రత్యేక మేల?’ అని అడుగు పెద్దలు కలరు. దుఃఖ మొక్కటియే కావచ్చును. కారణము ఒక్కటి కాదు. వరకట్న మరణములను వేఱుగ గుర్తించినందుననే గదా వాని నాపుటకు వేఱు చట్టము పుట్టినది!

చట్టము పుట్టుటయన్నమాట వచ్చినది గావున ఒక్క సంగతి. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టపు 18వ సెక్షనులో, వీరిని శారీరకముగ, లైంగికముగ హింసించినవారికిని, వీరి ప్రాణభద్రతకు ముప్పు తెచ్చినవారికిని ఆఱు నెలలకు తక్కువ గాకుండ రెండేండ్ల వఱకు శిక్ష విధింపబడెను. స్త్రీపై అత్యాచారమునకు కనీసశిక్షయే పదేండ్లు. హత్యకు శిక్ష అందఱకును సమానమే, నిజమే. కాని హత్య వఱకు రాకుండ నడుమ నాపవలసిన మెట్లయందు ఒక దేహము విలువ మఱియొక దేహములో ఎన్నవ వంతో చట్టసభ స్వయముగ నిర్ణయించి యిచ్చినది.

ఇక శవము సంగతి. 2011 ఫిబ్రవరిలో పశ్చిమ వంగదేశమున నందిగ్రామ ప్రాంతమందు పరస్పరము ప్రేమించుకొన్న ఇద్దఱు యువతులు ఆత్మహత్య చేసికొనగా, రెండు కుటుంబములును ఆ దేహములను స్వీకరింపలేదు. పొలమునకు పోయి విగతజీవులైన బిడ్డలను కన్నవారే మాకక్కఱలేదన్న ఆ ఉదంతముపై తరువాత దేబలీన అను దర్శకురాలు ఒక వంగభాషా చిత్రమును తీసెను. 2024 ఫిబ్రవరిలో కేరళమున మఱియొక విధముగ జరిగినది. ఒక యువకునితో కాపురముండిన స్నేహితుడు ప్రమాదవశమున మేడపైనుండి పడి మరణింపగా, ఆసుపత్రి బాకీ నిమిత్తమై దేహ మక్కడనే యుండిపోగా, చివరి చూపుకొఱకు ఆ యువకుడు హైకోర్టు గడప నెక్కవలసివచ్చినది. దేహము కుటుంబమునకే చెందినది, ఇతనికి ఆసుపత్రిలో అంత్యదర్శనమునకు అనుమతి లభించినది. ఎన్నేండ్లు కలిసి వండుకొని తిన్నను భర్తయు కాడు, బంధువు కాడు. పదేండ్లు మాటాడని మేనమామ బంధువు. అదే సంవత్సరము ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రములకు ఒక లేఖ వ్రాసి, దగ్గఱి బంధువులు లేనప్పుడు జీవితభాగస్వామి దేహమును స్వీకరించుటకు అవకాశమీయవలెనని సూచించినది. మంచి మాటయే. కాని ‘లేనప్పుడు’ అను ఆ నియమమే చిక్కు. వీరికి బంధువులు లేకపోవుట అరుదు. ఉండియు లేకపోవుట సామాన్యము. బ్రదికియుండగా రానివారు, శవపరీక్ష ముగిసిన గంటకు ఆస్తి కాగితములకొఱకు వచ్చుట చూడని హిజ్రా గృహ ముండదేమో.

అకాలమరణమన్నంతనే కత్తిని, ఉరిత్రాటిని మాత్రమే తలపోయుట కూడ పొరపాటు. అనన్యా కుమారి అలెక్స్ కేరళమున రేడియో జాకీగా పనిచేసిన తొలి ట్రాన్స్ మహిళ. 2021 శాసనసభ ఎన్నికలలో మలప్పురం జిల్లా వేంగర నియోజకవర్గమునకు నామినేషను వేసి ధైర్యశాలినిగ పేరుగన్న ఆమె, అదే సంవత్సరము జులైలో, 28 ఏండ్ల వయస్సున, కొచ్చిలోని తన నివాసమున విగతజీవిగా కనబడెను. అంతకు ముందేడు చేయించుకొన్న లింగమార్పిడి శస్త్రచికిత్స వికటించి, నిలువలేక, కూర్చుండలేక, నొప్పితో పనికి దూరమైతినని ఆమె బహిరంగముగ మొఱపెట్టుకొని యుండెను. శస్త్రచికిత్స చేయువారి నేర్పునకు ప్రమాణములును, తప్పు జరిగినచో విచారించు యంత్రాంగమును లేనిచోట, చికిత్సయే గండమగును; ఈ మరణము ఏ నేరపట్టికలోను హత్యగా ఎక్కదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున మరాఠీ ఆచార్యుడును, కవియు నైన రామచంద్ర సిరాస్ గారి కథయు నిట్టిదే. 2010 ఫిబ్రవరిలో కొందఱు కెమెరాలతో, స్వలింగప్రేమికుడైన ఆయన పడకగదిలో చొఱబడిరి. చొఱబడినవారిని విడిచి విశ్వవిద్యాలయము ఆయనను సస్పెండు చేసినది. ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు ఆయన పక్షమున ఉత్తరువిచ్చెను. ఏప్రిల్ 7న ఆయన తన అద్దెయింట శవమై కనబడెను. గెలిచిన వ్యాజ్యపు సిరా ఆఱకముందే పోయిన ఆ మనిషి మరణమును ఏ గడిలో వ్రాయుదుము?

మన భారతమున స్త్రీపర్వమును శోకమునకు ప్రసిద్ధమని చదువుదుముగాని, అందు రాజధర్మమును గూర్చిన ఘట్టమొకటి కలదని తఱచు విస్మరింతుము. యుద్ధము ముగిసి, గాంధారి విలాపమును ముగిసినపిమ్మట, ధృతరాష్ట్రుడు ధర్మరాజును కొన్ని ప్రశ్నలడుగును. మొదటిది, చచ్చినవారెందఱు? ధర్మరాజు కోట్లలో లెక్క చెప్పును; కనబడకపోయినవారి సంఖ్యను కూడ విడిగా చెప్పును. మఱియొకటి, నాథులున్నవారు సరే, ఎవరును లేనివారికి సంస్కార మెట్లు? అప్పుడు ధర్మరాజు విదుర, సంజయ, ధౌమ్యాదులను పిలిచి, అనాథయైనవా డొక్కడును సంస్కారము లేక పోగూడదని ఆజ్ఞాపించును. నానాదేశముల నుండి వచ్చి, పేరు చెప్పువారు లేక పడియున్న వారికి కూడ చితులు పేర్చబడెను. వ్యాసుని మూలమున ఆనాడు సంస్కారము పొందినవారి నామావళిలో, రాత్రివేళ శిబిరమున అశ్వత్థామ ఖడ్గమునకు బలియైన శిఖండి పేరును కలదు. భీష్ముడు తన యెదుట విల్లు దించినాడని శిఖండిని నేటికిని పరిహాసవస్తువు చేయు మనకు, ధర్మరాజు అతనిని ద్రుపదుని సరసన, ధృష్టద్యుమ్నుని సరసన లెక్కించి చితి పేర్పించినాడన్న సంగతి తెలియకపోవుట వింత కాదు; చదువవలసిన పర్వమును అశుభమని దాటవేయు అలవాటు మనది. లెక్కించుట, దిక్కులేనివారికి దిక్కగుట అను రెండును రాజు చేయవలసిన పనులని వ్యాసుడెఱుగును. ఆ రెంటిని మనము స్వచ్ఛంద సంస్థలకు విడిచిపెట్టితిమి.

హిజ్రాల శవమును అర్ధరాత్రి రహస్యముగ చెప్పులతో కొట్టుచు తీసికొనిపోవుదురను కట్టుకథ మన ఊళ్లలో చదువుకొన్నవారి నోట కూడ వినవచ్చును. అది అబద్ధమని వారు ఎన్నిమారులు చెప్పినను చెవినిడువారు తక్కువ. వారి మృతులయెడ వారికెట్టి గౌరవము కలదో చూడదలచినవారు ఢిల్లీలో మెహ్రోలీకి పోవచ్చును. లోదీల కాలమునాటి హిజ్రాల సమాధులు అక్కడ ఒక ప్రాకారము నడుమ, సున్నము వేసిన తెల్లని గోరీలుగ, వరుసలుదీరి యున్నవి. షాజహానాబాదు హిజ్రాలు నేటికిని ఆ స్థలమును ఊడ్చి, తుడిచి, కాపాడుచున్నారు. తమిళదేశమున విళుప్పురం సీమలో కూవాగమున, ఉలూపి కుమారుడైన ఇరావంతుని కూత్తాండవరుగ కొలిచి, అతనికి వధువులై తాళి కట్టించుకొని, మఱునాడు అతడు బలియైనాడని తాళి తెంచి, గాజులు పగులగొట్టి, వేలాదిమంది గుండెలు బాదుకొని యేడ్చుట కలదు. దుఃఖించుట వారికి రాదనుట సాహసము.

కావున పోయినవారి పట్టిక కావలెనని నేను కోరుదును. ఇంతసేపు పట్టికలు చేసిన అపకారమును చెప్పిన పిమ్మట ఈ కోరిక విరుద్ధముగ కనబడవచ్చును. పోలీసుఠాణాలో తమ పేరు వ్రాయబడుటయన్న భయము తరతరాలుగ రక్తములో నింకిన సమాజమును, మఱియొక పుస్తకము తెచ్చి సంతకము పెట్టుమనుట క్రౌర్యమగును. నేడు కలెక్టరు కార్యాలయము ఇచ్చు గుర్తింపు పత్రమునకు దరఖాస్తు చేయుటకే జంకువారు, మరణానంతరపు నమోదును మాత్రము నమ్మకముతో ఏల చూతురు? బ్రదికినవారి పట్టికను ఠాణా వ్రాసెను. పోయినవారి పట్టికను గురుగృహములు వ్రాయవలెను. తెలంగాణములోను, ఆంధ్రములోను ట్రాన్స్‌జెండరుల సంక్షేమ మండలులు చేయవలసిన పని ఆ పుస్తకమునకు కర్చు పెట్టుట, అందు గురువు చెప్పిన పేరునే మరణ ధ్రువపత్రములో ఎక్కించుటకు రిజిస్ట్రారును బద్ధుని చేయుట, శవపంచనామా సమయమున ఆ యింటివారినొకరిని పంచులలో కూర్చుండబెట్టుట. చివరిదానికి క్రొత్త చట్టము కూడ అక్కఱలేదు. పంచులుగ ఎవరిని పిలువవలెనో నిర్ణయించునది దర్యాప్తు చేయు అధికారియే.

ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గ తెనిగింపగా, ఆ అనువాదమునకు 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. బ్రదికియున్న హిజ్రా తన కథ తాను చెప్పుకొన్నచో తెలుగువాడు చదువునని దానివలన ఋజువైనది. చెప్పుకొనుటకు మిగులని వారి కథలు, నేటికిని వాడవాడలయందు ముదుసలి గురువుల జ్ఞాపకములలో, చేలాల పెట్టెలలోని ఫొటోలలో ఉన్నవి. ఆ ముదుసలులు డెబ్బది దాటినవారు. సంక్షేమ మండలి తొలి బడ్జెటులో సభలకు, శాలువాలకు పోగా మిగిలిన దానితో కాక, వానికి ముందే, ఒక వ్రాతగానిని ఆ యిండ్లకు పంపవచ్చును.